ఖాళీ అన్నాను

గబ్బిలాన్ని ఎవరైనా పిట్ట అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు మొదలుకుని కూరగాయలమ్మే మనిషి దాకా అందరినీ దిద్దేదాన్ని. అది పిట్ట కాదు, గుడ్లు పెట్టదు, పిల్లని కని పాలిస్తుంది, మనలాగే క్షీరదం అని చెప్పి, ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందని బెదిరించేదాన్ని కూడా. రామచంద్రపురానికి కాస్త దూరంలో ఉన్న మా ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా ఏటా ఇదే పాఠం చెప్పాను.

మా ఊరి చర్చి మిషను దొరల కాలం నాటిది. మేం గుడి అనే అంటాం. పైన పెంకులు, వాటి కింద చెక్క సీలింగు, ఆ రెంటికీ మధ్య మనిషి పాకితే పట్టేంత చోటు. అందులో చిన్న గబ్బిలాలు ఉండేవి. రెక్కలు ముడిస్తే అగ్గిపెట్టెలో పట్టేవి. జామపళ్ళ జోలికి వచ్చే రకం కాదు, దోమల్నీ చేలమీది పురుగుల్నీ తిని బతికే రకం. తొంభైల చివర్లో రాజమండ్రి నుంచి ఒక లెక్చరరుగారు వచ్చి వాటిని చూసి ముచ్చటపడ్డారు. నెలకి రెండుసార్లు లెక్కపెట్టి, ఫారం నింపి పంపగలరా అని అడిగారు. ముగ్గురం ఒప్పుకున్నాం. నేను, రిటైరైన పోస్టుమాస్టరుగారు, గుడి వెనక చేను ఉన్న రైతు ఒకాయన.

పొద్దు వాలే వేళకి ముగ్గురం మూడు వైపులా కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. చూరు కింది సందుల్లోంచి అవి ముందు ఒకటీ అరా, ఆ తర్వాత గుంపులుగా బయటపడేవి. పది వెళ్ళాయంటే ఒక చింతపిక్క డబ్బాలో పడాలి. ఆ పద్ధతి నేను పెట్టిందే. పోస్టుమాస్టరుగారు మధ్యలో తుమ్మితే లెక్క తప్పారేమోనని విసుక్కునేదాన్ని. ఊళ్ళో మమ్మల్ని గబ్బిలాల కమిటీ అని నవ్వేవారు. వెక్కిరింత అని తెలిసినా నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఒక ఏడాది మే నెలలో సంఘపెద్ద ఒకాయన కూతురి పెళ్ళి కుదిరింది. గుడికి రంగులు వేయించాలన్నారు. బల్లల మీద గబ్బిలాల పెంట, ఆరాధనలో వాసన, పెళ్ళికూతురి తెల్లచీర మీద ఏదైనా పడితే ఎంత నామర్దా అని పెద్దలంతా కూర్చున్నారు. సీలింగులో పురుగుల మందు కొట్టించడానికి దాదాపు ఖాయం చేసేశారు. అప్పుడు నేను లేచాను.

చంపనక్కర్లేదన్నాను. సాయంత్రం అవంతట అవే బయటికి పోతాయి, ఆఖరిది పోయిందని మేం చెప్పగానే సందులు మూసేస్తే సరిపోతుంది, వేరే చోటు వెతుక్కుంటాయి అన్నాను. రైతు తన గట్టుమీది తాటిచెట్లకి పాత కుండలు బోర్లించి కడతానన్నాడు. మా పాస్టరు అయ్యగారు, పాపం అంటకుండా పని అయ్యే మార్గం టీచరుగారు చూపించారని అందరి ముందూ మెచ్చుకున్నారు. పోస్టుమాస్టరుగారు మాత్రం లెక్చరరుగారికి ఒక కార్డు ముక్క రాసి అడుగుదామా అని నసిగారు. ఆయనకి అన్నిటికీ కార్డే మందు. పెళ్ళి ముంచుకొస్తుంటే ఇందులో అడగడానికి ఏముందని నేను కొట్టిపారేశాను.

తాపీ మేస్త్రి మా ఊరివాడే. అతని కూతుళ్ళిద్దరూ నా దగ్గరే చదివారు. అతని తాత కూడా ఈ గుడి గోడలకి సున్నం మెత్తినవాడేనట. ఆ సాయంత్రం నిచ్చెన, సిమెంటు తట్ట, ఇనప జల్లెడ ముక్కలు సిద్ధం చేసుకుని అతను అరుగు మీద కూర్చుంటే, మేం ముగ్గురం డబ్బాలు పట్టుకుని లెక్కకి కూర్చున్నాం. పిక్కలు కలిపి చూస్తే ఎప్పటి లెక్కే వచ్చింది. మరికాసేపు ఆగాం. ఇంకొక్కటి కూడా రాలేదు. ఖాళీ అయింది, మొదలుపెట్టమన్నాను.

పడమటివైపు మూశాడు. తూర్పువైపు ఆఖరి సందు దగ్గర చెయ్యి ఆపి, చెవి గోడకి ఆనించాడు.

“పంతులమ్మగారండీ, లోపల ఏదో సన్నగా కిచకిచమంటందండి.”

“ఎలకలై ఉంటాయి. మా లెక్క సరిపోయింది. ఖాళీ. మూసెయ్యి.”

“ఆయ్, అలాగేనండి” అన్నాడు. మూసేశాడు.

తెల్లారేసరికి గబ్బిలాలన్నీ తిరిగొచ్చాయి. కుండల వైపు ఒక్కటీ వెళ్ళలేదు. మూసిన సందుల మీద వాలడం, జారడం, మళ్ళీ వాలడం. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. ఒక దాని రెక్క అంటుకుపోతే రైతు నిచ్చెన వేసి విడిపించాడు. ఎందుకమ్మా ఇవి ఇంత గోల చేస్తున్నాయి అని అడిగాడు. అలవాటుపడ్డ ఇల్లు కదా, రెండు రోజుల్లో మరిచిపోతాయి అని చెప్పాను. అంత ధీమాగా ఎలా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నాలుగో రోజుకి గుడిలో వాసన మొదలైంది. మేస్త్రి వచ్చి సీలింగు చెక్క ఒకటి ఊడదీశాడు. వెనకాలే నేనూ నిచ్చెన ఎక్కాను. దూలం పొడుగునా పిల్లలు. ఒంటిమీద ఇంకా నూగైనా రాలేదు, ఒక్కోటి నా బొటనవేలంత ఉంది. కొన్ని వేలాడుతూనే చచ్చిపోయి ఉన్నాయి, కొన్ని చెక్కల మీద రాలి ఉన్నాయి. రెండింటికి మాత్రం ప్రాణం ఉంది. ఇంటికి తీసుకెళ్ళి, ఇంకు ఫిల్లరు వేడినీళ్ళతో కడిగి, పాలు పొయ్యబోయాను. అవి నోరు తెరవలేదు. మధ్యాహ్నం లోపే రెండూ పోయాయి.

మేం లెక్కపెట్టింది ఎగిరేవాటినే. ఎగరలేనివాటికి మా డబ్బాలో పిక్క లేదు. పిల్లని కని పాలిస్తుందని ఊరందరికీ చెప్పిన నాకు, తల్లి మేతకి వెళ్తే పిల్ల ఇంట్లోనే ఉంటుందన్న మాట తోచలేదు. ఆ సాయంత్రం నా కళ్ళకి కూడా అవి పిట్టలే. మందు కొట్టించి ఉంటే ఒక్క పూటలో పోయేవి. నా దయ వల్ల రోజుల తరబడి ఆకలితో చచ్చాయి.

పిల్లలు బయటపడ్డ రోజు సాయంత్రమే గుడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. పెళ్ళి ముందు ఈ అపశకునం ఏంటని పెళ్ళికూతురి తండ్రి మండిపడుతున్నాడు. మూసేటప్పుడు లోపల ఏమైనా చప్పుడు వినపడిందా అని మేస్త్రిని నిలబెట్టి అడిగారు. అతను నా వైపు చూశాడు. ఎంతోసేపు కాదు, చెమట తుడుచుకున్నంతసేపు. తర్వాత తల దించుకుని, “లేదండి” అన్నాడు.

నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే ఒక్క ముక్కలో తేలిపోయేది. తెరవలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యక్కర్లేదా అని పెద్దలు అతన్ని తిట్టి పంపేశారు. ఆ తర్వాత గుడిలో తాపీ పని ఏదున్నా పక్క ఊరి మేస్త్రినే పిలిచేవారు.

గబ్బిలాలు మళ్ళీ రాలేదు. అలవాటు చొప్పున మేం కొన్ని సాయంత్రాలు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ముందు పోస్టుమాస్టరుగారు మానేశారు, నన్ను ఒక్క మాటా అనకుండానే. రైతు వానలు పడి నాట్లు మొదలయ్యేదాకా వచ్చాడు. లెక్చరరుగారికి జరిగినదంతా రాశాను, మేస్త్రి మాట తప్ప. ఒక్క కార్డు రాసి ఉంటే వానాకాలం వెళ్ళేదాకా ఆగమని చెప్పేవాడినని ఆయన జవాబిచ్చారు.

నాలుగైదేళ్ళ తర్వాత రామచంద్రపురం బస్టాండులో మేస్త్రి కనిపించాడు. నన్ను చూసి బెంచీ మీంచి లేవబోతే వద్దని, నేనే పక్కన కూర్చున్నాను. కూతుళ్ళ గురించి అడిగాను. పెద్దమ్మాయి యానాంలో నర్సుగా చేస్తోందట. ఆ తర్వాత ఇక ఉండబట్టలేక, ఆ రోజు నువ్వు చెప్పావు, నేనే వినలేదు, పెద్దల ముందు కూడా నోరు మెదపలేదు అన్నాను.

అతను తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

“చెప్పానండి. తమరు ఖాళీ అన్నారు. ఇంటికెళ్ళాక కూడా ఆ కిచకిచ చెవిలోనే ఉందండి. తమరంతటోరు లెక్కేసి చెప్పాక అబద్ధం ఎందుకవుద్ది, నా చెవిలోనే ఏదో తేడా వచ్చిందేమో అనుకున్నానండి.”

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం అందరి ముందూ ఈ మాట చెబుతానన్నాను. ఇప్పుడెందుకులెండి, అయిపోయిందానికి తమరు చిన్నబోవడం ఎందుకు అన్నాడు. ఇంతలో అతని బస్సు వచ్చింది.

అతను వద్దన్నాడు కదా అని ఊరుకున్నాను.