సంతరోజుకి ఎన్ని సొరంగాలు

అరకు ప్యాసింజర్లో ఇంజనుకి వీపు పెట్టి కూర్చుంటే కాలం వెనక్కి నడుస్తుందనీ, ఒక్కో సొరంగానికీ ఒక్కో రోజు తగ్గుతుందనీ ఆ రోజుల్లో అందరికీ కోతలు కోసేవాణ్ని. ఓసారి ఎదుటి సీట్లోని ముసలమ్మ నవ్వలేదు.

"పోయిన సంతరోజుకి ఎల్లాలంటే ఎన్ని సొరంగాలు బాబూ?"

"ఆరు. ఏటి మర్చిపోనావమ్మా అక్కడ?"

"మనవరాలికి జొరం. పసుపు అమ్మీసి బేగి వచ్చీదారని సంతకెల్లాను. వచ్చీసరికి గుంట పేనం పోనాది."

ఆమె లేచి వచ్చి నా పక్కన, ఇంజనుకి వీపు పెట్టి కూర్చుంది. సొరంగం వచ్చినప్పుడల్లా ఒక్కో వేలు మడిచింది.

ఐదోది దాటాక వచ్చిన స్టేషన్లో, నిజం చెప్పకుండానే దిగి వేరే పెట్టె ఎక్కాను. ఆరో సొరంగం దాటి వెలుతురు రాగానే కిటికీలోంచి ఉమ్మేశాను. నోట్లో రోత పోలేదు.