మల్ల చదువు, బిడ్డా

లింగాల దగ్గర మా ఊరి బడిల అప్పుడు చదువంతా ఉర్దూలనే. మా నాయినకు ఏ భాషల కూడ ఒక్క అక్షరం రాదు. అయినా పొద్దుగూకంగనే నన్ను ముందర కూసోబెట్టుకొని పాఠం చదివించేటోడు. అయినంక ఏదో ఒక వరుస మీద జొన్నపుల్ల పెట్టి, "గిది మల్ల చదువు, బిడ్డా" అనేటోడు. రెండుసార్లు ఒక్క తీరుగ చదవకపోతే నేను కల్పించి చెప్పినట్టు పట్టేసేటోడు. అట్ల మస్తు సార్లు దొరికిన. కన్నబిడ్డను గింత అనుమానించే మనిషి మీద నాకు కోపమొచ్చేది.

ఒకనాడు దొర గుమాస్త ఉర్దూల రాసిన కాయితం తెచ్చి నాయిన వేలిముద్ర అడిగిండు. మేం దున్నే దొర చేను కౌలు ఇంకో మూడేండ్లు పొడిగించినట్టు రాసి ఉన్నదన్నడు. నాయిన దాన్ని నా చేతికిచ్చిండు. కూడబలుక్కుంట చదివిన. చేను మేమే ఇడిసిపెడుతున్నట్టు ఉన్నది. నాయిన రెండోసారి చదివించిండు. అదే మాట వచ్చింది.

"చిన్నపిల్ల, దానికేం తెలుస్తది?" అన్నడు గుమాస్త.

"నాకు తెల్వదు గని నా బిడ్డకు తెలుస్తది" అని నాయిన ముద్ర వెయ్యకుండ కాయితం తిరిగి ఇచ్చిండు. దొర మాట కాదన్నడు, నా మాట ఒక్కటే నమ్ముకొని.

ఆ ఏడు చేను మాకే ఉన్నది. గుమాస్త వచ్చిపోయిన మర్నాటి సంది కల్పించి చదవాలంటే నాకే భయమైంది.