నల్ల కవచం వాడు వచ్చిన రోజు

కొత్త చీర మడత విప్పగానే గుప్పుమనే రంగు, గంజి, ఆవిరి కలిసిన వాసన రింగ్ రోడ్ దుకాణాల్లో కొనేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. నేను మాత్రం ఇప్పటికీ ఆ మడత మళ్లీ వేసేసి పక్కన పెట్టేస్తాను. అది మా బాపు చొక్కా వాసన. ఆయన సచిన్ అనే పారిశ్రామికవాడలో ఒక అద్దకం మిల్లులో పనిచేసేవాడు.

మేం సొంతూరు వదిలి పరాయి రాష్ట్రానికి బతకపోయి, అక్కడి వడోద్ పేటలో మేడ మీద ఒక గదిలో ఉండేవాళ్లం. వానాకాలమంతా గోడలు చెమర్చేవి, కింది మగ్గాల దడదడకు గూట్లో గిన్నెలు సన్నగా మోగుతుండేవి, అవ్వ, అంటే మా అమ్మ, చీరలకు రాళ్లంటించే బంక వాసనా పొయ్యి మీద కాలే సర్వపిండి వాసనా ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. బతుకమ్మకు తంగేడు దొరక్క బంతిపూలే పేర్చేవాళ్లు. నేను దారం అయిపోయిన బాబిన్లు నిలబెట్టి కోటలు కట్టేదాన్ని.

ఆ కోటలు టీవీలో చూసినవి. ఆదివారం మధ్యాహ్నం ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. దాన్ని జపాన్ వాళ్లు తీశారని, కథ మాత్రం వందల ఏళ్ల కిందట యూరప్‌లో చెప్పుకున్న రాజులదని పెద్దయ్యాకే తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఇంతేసి కళ్లున్న రాకుమారుడు, అతని గుర్రం, హిందీలో గర్జించే శత్రువులు. వాళ్లలో నల్ల కవచం వాడొకడు. ముఖమంతా ఇనుప టోపీ, చూపుకు రెండు చీలికలు. ఒక వారం వాడు కోట తలుపు ముందు నిలబడి, యుద్ధానికి పోయిన రాజు గొంతుతో కొడుకును పిలిచాడు. పిల్లవాడు గడియ తీశాడు. కోట తగలబడిపోయింది. ఆ తర్వాత నేను స్నానాల గదికి కూడా ఒంటరిగా పోలేదు.

ఆ వారంలోనే బాపు ఇంటికి రావడం మానేశాడు. "ఓవర్‌టైం ఉన్నదట, మిల్లులనే పంటున్నడు" అంది అవ్వ. కానీ ఆమె కళ్లు ఉబ్బి ఉండేవి. రోజూ అన్నం డబ్బా పట్టుకుని ఎటో పోయొచ్చేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని నేను అడగలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. అవ్వ చీరలు అప్పజెప్పడానికి పోతూ, "ఎవ్వలొచ్చినా తలుపు తియ్యకు" అని చెప్పింది. సీరియల్ అయిపోయే వేళకు ఎవరో తలుపు తట్టారు. సందులోంచి చూశాను. తల నిండా తెల్లటి గుడ్డ, కళ్లకు రెండు సందులు.

"బిడ్డా, నేనే. తలుపు తియ్యి."

ముద్దముద్దగా ఉంది ఆ గొంతు. బాపుదిలాగే ఉంది, బాపుది కాదు.

"నువ్వు మా బాపువు కావు! పో!"

"జర తియ్యి బిడ్డా. నిలవడ వశమైతలేదు."

ట్రంకు పెట్టె లాగి తలుపుకు అడ్డం పెట్టి, మంచం కిందికి దూరి చెవులు మూసుకున్నాను. మరో రెండుసార్లు పిలిచి గొంతు ఆగిపోయింది. తలుపు కింది సందులో నీడ మాత్రం కదల్లేదు. పిలుపుకన్నా ఆ నీడే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అవ్వ వచ్చేసరికి గంట దాటింది. ఆమె అరుపు విని పెట్టె జరిపాను. బాపు గుమ్మం ముందే, పై మెట్టు మీద గోడకు జారగిలబడి ఉన్నాడు. మిల్లులో ఆవిరి గొట్టం పగిలి ముఖం కాలిందని, ఆసుపత్రి నుంచి ఒక రోజు ముందే పంపేశారని, తోడొచ్చినతను షిఫ్టుకు ఆలస్యమవుతుందని వీధి మొదట్లోనే దింపి పోయాడని అప్పుడు తెలిసింది. అవ్వ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"కొట్టకు" అన్నాడు బాపు. "తియ్యద్దని నువ్వే జెప్పినవ్ గద. పోరి మంచిగనే చేసింది."

అయినా ఆయన దగ్గరికి పోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

"నన్ను ఎవలనుకున్నవ్ బిడ్డా?" అని అడిగాడు. నల్ల కవచం వాడి కథంతా చెప్పాను. గుడ్డ కింద నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. ఆ తర్వాత నా పక్కన కూర్చుని సీరియల్ చూసేవాడు. వాడు తెర మీదికి రాగానే నా చెయ్యి పట్టుకునేవాడు. నేను కళ్లు మూసుకునేదాన్ని. ఎవరిని చూడలేక మూసుకుంటున్నానో ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆ మేడ లేదు, ఆ సీరియల్ ఎక్కడా రాదు. కట్టు విప్పాక బయటపడ్డ మచ్చల ముఖానికి అలవాటు పడ్డాను, దాన్నే ప్రేమించాను. నిరుడు బాపు ఆ ముఖంతోనే వెళ్లిపోయాడు. అంతకు ముందటి ముఖం మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాదు. ఉన్న ఒక్క పెళ్లి ఫొటో చెమ్మకు తలల దగ్గర తెల్లబడిపోయింది. అవ్వను అడిగితే, "నవ్వితే గీడ సొట్ట వడుతుండె" అని తన బుగ్గ మీద వేలు పెట్టి చూపిస్తుంది. నేను ఆ వేలి కొసనే చూస్తూ కూర్చుంటాను.