మస్తాన్ మాస్టారు అడిగిన వాచ్‌మన్

ఇవాళ గేటుకు రంగు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన ఇంట్లోకి గుప్పున కొట్టింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం హాయిగా పీల్చాను. నాకది ఆత్మకూరులో మస్తాన్ మాస్టారి కొట్టు వాసన. ఒకప్పుడు సినిమా హాళ్ళకు బ్యానర్లు గీసిన మనిషి ఆయన. ఫ్లెక్సీలు వచ్చాక షాపులకు బోర్డులు రాసుకుంటూ, అడిగినవాళ్ళకు బొమ్మలు నేర్పేవారు. డిగ్రీ అయ్యాక ఉదయగిరి నుంచి బస్సులో వెళ్ళి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ముఖానికి ఒకపక్క ఎరుపు, ఒకపక్క నీలం దట్టంగా పూసే పాత బ్యానర్ పద్ధతి నా చేతికి అలా వచ్చింది.

ఆ పద్ధతిలోనే నా మొదటి బొమ్మల నవల గీశాను. ముగ్గురు దొంగలు ఒక నగల కొట్టును దోచుకుపోయే కథ. ప్రచురణకర్త రెండుసార్లు తిప్పి పంపాడు. "బొమ్మలు బాగున్నాయి, కథే మనసుకు పట్టడం లేదు. ఇంకొక్కసారి చూస్తాను, అంతే" అన్నాడు. అంత కష్టమూ గంగలో కలిసేట్టుంది. పేజీలన్నీ సంచిలో వేసుకుని మాస్టారి దగ్గరికి పరుగెత్తాను.

ఆయనకు బొమ్మను చేతిలో పట్టుకుని చూసే అలవాటు లేదు. బ్యానర్ అంటే బస్సులో పోయేవాడి కంటికి ఆనాలి గదా! పేజీలను కొట్టు ముందు తాడుకు క్లిప్పులతో తగిలించి, నన్ను రోడ్డు అవతలి టీ కొట్టు దగ్గరికి లాక్కెళ్ళారు. కళ్ళు చిట్లించి చూశారు.

"దొంగలు బాగుండారమ్మాయ్. ఆ టోపీ వాచ్‌మన్ ఏందీ, పడిపోయినాడు?"

"వాడికి మత్తుమందు పెట్టి లోపలికి పోతారు సార్."

"సరే. తెల్లారినాక వాణ్ణి ఏం చేసినారు?"

నాకు ఒళ్ళు మండింది. "వాడితో కథకేం పని సార్?" అన్నాను.

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. కొత్త సినిమా వచ్చే ముందు, బ్యానర్ రంగు ఆరేదాకా హాల్లోనే పడుకునేవారట. ఒకనాడు లేచి చూస్తే రీళ్ళ పెట్టె లేదు.

"లోపల ఉండింది నేనొక్కణ్ణే. స్టేషన్లో కూర్చోబెట్టినారు. దొంగ దొరికినాక వదిలిపెట్టినార్లే. అయినా మా అమ్మ పోయిందాకా అడగతానే ఉండింది, 'నిజం చెప్పరా, నువ్వు తియ్యలేదు గదా' అని."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం టీ తెప్పించి, దొంగల కారు చక్రం వంకరగా ఉందని తిట్టారు.

కథ మార్చాను. ఇప్పుడది వాచ్‌మన్ ఇంట్లో ముగుస్తుంది. తల్లి అన్నం వడ్డిస్తూ ఉంటుంది, కొడుకు ముఖం వైపు చూడదు. పుస్తకం అచ్చయింది. ఆ పేజీ చూసి మాస్టారు, "మా అమ్మా ఇట్నే వడ్డించేది" అని మాత్రం అన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. పేపర్లో ఎక్కడ దొంగతనం జరిగిందని చదివినా, ఆ రాత్రి అక్కడ కాపలా ఉన్నవాణ్ణి వాళ్ళ ఇంట్లో ఏమని అడుగుతున్నారోనని నాకు బెంగ.