మసకగా వచ్చిన మెదడు బొమ్మ

డ్రైవింగ్ మాస్టారికి ఒంట్లో బాగోలేదన్న మాట ఎవరూ విని ఎరగరు. జ్వరంతో కాలిపోతున్నా "కాస్త ఎండ తగిలింది" అనేవారు. నేర్చుకునేవాళ్లు కారుని గోడ మీదికి పోనిస్తుంటే తన కాలి కింది బ్రేకు తొక్కి, "గోడ ఎక్కడికీ పోదు, మళ్లీ చూద్దాం" అనేవారు తాపీగా. మనిషి అంత గట్టివాడు. అలా అనిపించుకోవడం ఆయనకి మహా ఇష్టం కూడాను.

కూతురు మంచం దిగడం మానేసిన ఏడాది ఆ గట్టితనం కాస్తా బీటలు వారింది. డిప్రెషన్ అని తేల్చిన ఆసుపత్రిలోనే మెదడు మీద పరిశోధన జరుగుతోంది. మాత్రలు మొదలుపెట్టకముందే ఆ అమ్మాయికి స్కాన్ తీశారు. పోల్చి చూడడానికి ఏ జబ్బూ లేనివాళ్లు కావాలంటే, మాస్టారు నేనున్నానంటూ ముందుకొచ్చారు.

"మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"తలనొప్పి మాత్ర కూడా ఎరగనమ్మా."

తల కదలకుండా ముఖానికి జల్లెడలాంటి తొడుగు బిగించి, చేతి నరంలోకి రవ్వంత రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించారు. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం వచ్చి అతుక్కునే చోట్లుంటాయి, వాటిని గ్రాహకాలంటారు. ఈ మందు వెళ్లి వాటిలో కూర్చుంటే యంత్రం ఆ చోట్లని బొమ్మలో వెలిగించి చూపిస్తుంది. మాస్టారు బుద్ధిగా పడుకున్నారు.

వారం తర్వాత కూతుర్ని చూపించడానికి తీసుకొస్తే, డాక్టరమ్మ ఆయన్నొక్కరినే లోపలికి పిలిచింది. తెర మీద ఆయన మెదడు బొమ్మంతా మసకగా ఉంది.

"మేం పంపిన మందుకి కూర్చునే చోటే దొరకలేదు. వేరే మందేదో ముందే అక్కడుంది. ఏం వేసుకున్నారో చెప్పండి."

"నిద్ర పట్టక... మత్తొస్తుందని రాత్రిళ్లు మా అమ్మాయి మాత్రల్లోంచి ఒకటి. నిద్ర కోసమే కదా, జబ్బు మందు కిందకి రాదనుకున్నాను."

"మాత్రలు తగ్గుతున్నాయని ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?"

చూసుకోకేం! తల్లి చూసింది. పిల్ల అన్నీ ఒక్కసారే మింగడానికి దాచుకుంటోందని హడలిపోయి, పక్కలు, బట్టలు, పుస్తకాలు తిరగేసింది. "నేను తీయలేదమ్మా" అని ఆ పిల్ల ఏడ్చి మొత్తుకున్నా నమ్మలేదు. మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు. తీసింది తనేనని చెప్పలేదు. తనకీ నిద్ర పట్టడం లేదని ఒప్పుకోవడం కన్నా, కన్నకూతురు అబద్ధాలకోరు కావడమే తేలికనిపించింది ఆ పెద్దమనిషికి!

"ఈ సంగతి నా దగ్గరే ఉంటుంది. మీ స్కాన్ లెక్కలోంచి తీసేస్తాం," అంది డాక్టరమ్మ. "కానీ ఇకనుంచి మీరూ చూపించుకోవాలి."

అంటే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అక్కడితో వదిలేయొచ్చు. అయినా మాస్టారు బయటికొచ్చి, వరండాలో బల్ల మీదున్న కూతురి పక్కన కూలబడ్డారు.

"తల్లీ, నీ మాత్రలు తీసింది నేనే."

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు.

"అమ్మకి చెప్పు. ఇప్పుడే చెప్పు."

మాస్టారు ఫోన్ తీసి భార్యకి చెప్పారు. అవతల నుంచి "దానికివ్వండి" అన్న మాట వినబడింది.

కూతురు ఫోన్ అందుకుంది. తల్లి ఏడుపు మాస్టారి దాకా వినిపిస్తోంది. నాన్నని ఏమీ అనొద్దని ఆ పిల్ల చెబుతుందని ఆయన లోలోపల ఆశపడ్డారు.

"నేనే మింగేసి మర్చిపోతున్నానేమో అనుకున్నానమ్మా," అంది అమ్మాయి. "నాకు పిచ్చెక్కుతోందనుకున్నాను."