నలుగురికీ అద్దం దించి

ఉయ్యూరులో మా వీధిలో నాకు పొగరని పేరు. దారిన పోయేవాళ్ళను ఆపి ఏ సంగతీ అడగనని.

హైదరాబాద్ వదిలి ఉయ్యూరు రావాలా వద్దా అని మేం తేల్చుకోలేని రోజుల్లో, విజయవాడలో బస్సెక్కి మా ఆవిడతో ఫోన్‌లో వాదిస్తున్నాను. "అద్దెలు తక్కువ, ట్రాఫిక్ ఉండదు. మనిషి కనబడితే పలకరిస్తారు."

ఫోన్ పెట్టేశాక పక్కసీటు పెద్దాయన, "మాది ఉయ్యూరేనండీ. నిజమే, పలకరిస్తారు" అన్నారు. ఒళ్ళో ఆసుపత్రి ఫైలు.

కిందటి నెల ఆయన భార్యకు గుండెనొప్పి వచ్చిందట. కారులో విజయవాడ బయల్దేరితే, వీధి దాటేలోపే నలుగురు ఆపి ఏమైందని అడిగారట.

"నలుగురికీ అద్దం దించి చెప్పానండీ. అయినవాళ్ళు అడిగితే చెప్పకుండా ఎలా పోతాం? ఆసుపత్రిలో డాక్టరుగారేమో, ఒక్క పది నిమిషాలు ముందు తేవాల్సింది, ప్రాణం దక్కేది అన్నారు."



ఉయ్యూరులో ఇద్దరం దిగాం. ఎదురొచ్చిన ఒకాయన పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఇప్పుడే తెలిసిందండీ. అసలేం జరిగింది?" అన్నాడు.

పెద్దాయన ఎండలోనే ఆగి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.