దుంప వేరులో దొరికిన దారం

1986 జూలైలో కొత్తగూడెం దగ్గర ఒక కాలేజీలో వృక్షశాస్త్ర డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. హోదాలో లెక్చరర్‌కు కింద, అటెండర్‌కు పైన. తిట్లు మాత్రం ఇద్దరివీ నాకే. మా శాఖాధిపతి సారు అప్పటికే ఒక ఘనకార్యం చేసి ఉన్నారు. భద్రాచలం అడవి దుంప ఒకదాని వేరు కొనల్లో, కణం రెండయ్యే చివరి దశలో పిల్ల కణాలు పూర్తిగా విడిపోవని, మధ్య సన్నటి దారం మిగులుతుందని కనిపెట్టారు. ప్రపంచానికి ఇంకా కబురు అందలేదు.

ఆ దారం మీదే రజియా మేడం ఎం.ఫిల్. టెంపరరీ లెక్చరర్, మార్చిలోపు థీసిస్ ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది. సంతకం పెట్టాల్సిన గైడు సారే.

వేరు కొనను ఆమ్లంలో మెత్తబరిచి, రంగు వేసి, గాజుపలకల మధ్య పెట్టి బొటనవేలితో నొక్కాలి. ఆ నొక్కుడు సారు ఎవరికీ ఇచ్చేవారు కాదు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, దేశం ఎదురుచూస్తున్నట్టు నొక్కేవారు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోల కోసం హైదరాబాదుకు కొనలు పంపాం. అక్కడ నొక్కరు, రెజిన్ అనే జిగురులో గట్టిపరిచి పలచగా కోస్తారు. ఫొటోల్లో కణాల మధ్య నిండు గోడ ఉంది, దారం లేదు.

"వాళ్లు వేరే కణం జూసిన్రు," అని సారు తేల్చేశారు.

మేడం నా వైపు తిరిగింది. "భయ్యా, ఒక్క కణాన్నే రెండిట్ల జూస్తే?"

ఒకే రెజిన్ దిమ్మ నుంచి పక్కపక్క పొరలు కోయించాం. మందమైనది మామూలు మైక్రోస్కోపుకు, పలచనిది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు. అదే కణం, రెండింటిలోనూ గోడే. తర్వాత సారు లేనప్పుడు నేను కొన్ని కొనలను వంకరగా నొక్కాను. దారాలే దారాలు, చీర నేయొచ్చు. దారం పుట్టేది వేరులో కాదు, బొటనవేలి కింద.

"దారం లేదనే రాస్త," అంది మేడం.

"సంతకం?" అన్నాను.

"పెట్టకుంటే ట్యూషన్లు జెప్పుకుంట. లేంది ఉన్నదని పిల్లలకెట్ల జెప్పాలె?"

చప్పట్లు కొట్టేవాణ్ణే, చేతులకు రంగు ఉంది.

దారం నొక్కుడు వల్లే వచ్చిందని, అది కనబడ్డ మొదటి పలకలన్నీ గైడే నొక్కారని థీసిస్‌లో ఉంది. సారు ఆ వాక్యం దగ్గర ఆగి, "గిదేందమ్మా, నా పేరు దీసెయ్," అన్నారు. మేడం పేరు కొట్టేసి, 'ఒక అనుభవజ్ఞుడు' అని రాసింది. సారు ఆ మాటను రెండుసార్లు చదువుకుని, మురిసిపోయి, సంతకం పెట్టేశారు.

రెండు మైక్రోస్కోపులు రెండు మాటలు చెబితే, ఏది ఖరీదైనదని కాదు, రెండూ ఒకే కణాన్ని చూశాయా, మధ్యలో ఎవరు చెయ్యి పెట్టారు అని అడగాలి. రిటైరయ్యే దాకా నా ల్యాబులో ప్రతి పలక మీదా నొక్కినవాళ్ల పేరు రాయించాను.